పదివేల డాలర్ల గీత

అమెరికాలో ఉన్న కొడుకు మీదో అల్లుడి మీదో మోసం కేసు పడిందని తెలిస్తే ఇక్కడి ఇంట్లో మొదట అడిగేది, ‘జైల్లో వేస్తారా?’ అని. వెయ్యరని లాయరు చెబితే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తప్పు ఒప్పుకుని, డబ్బు తిరిగి కట్టేసి, రెండేళ్లు ప్రొబేషన్‌లో ఉంటే సరిపోతుందని ఆయన భరోసా ఇస్తాడు. అమెరికా పౌరుడికైతే అది మంచి బేరమే. గ్రీన్‌కార్డు మీదో హెచ్-1బి మీదో స్టూడెంట్ వీసా మీదో ఉన్నవాడికి మాత్రం అదే బేరం ఆ దేశంలో బతుకే లేకుండా చేయగలదు. మోసం కేసుల్లో డిపోర్టేషన్ (దేశం నుంచి పంపేయడం) సంగతి ఇమిగ్రేషన్ కోర్టులో తేలుతుందని చాలామంది అనుకుంటారు. నాకు అర్థమైనంతవరకు అది అంతకు చాలా ముందే, క్రిమినల్ కోర్టులో సంతకం పెట్టిన ఒప్పుకోలు పత్రంలోనే తేలిపోతుంది. ఆ పత్రంలో ఏ సెక్షను రాశారు, నష్టం ఎంతని రాశారు అన్న రెండు విషయాలే తర్వాతి కథంతా నడుపుతాయి.

రెండు కోర్టుల మధ్య ఇంత తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే 1893 దాకా వెళ్లాలి. చైనా కూలీలంతా నివాస పత్రాలు దగ్గర పెట్టుకోవాలని, లేనివాళ్లను వెళ్లగొట్టవచ్చని అంతకు ముందు ఏడాది అమెరికా చట్టం చేసింది. పత్రాలు లేక పట్టుబడిన ఫాంగ్ యూ టింగ్ మరి ఇద్దరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. దేశం నుంచి పంపేయడం నేరానికి వేసే శిక్ష కాదని కోర్టు తేల్చింది. ఆ మాట ఇవాళ్టికీ చెల్లుతోంది. శిక్ష కాదు కాబట్టి జ్యూరీ ఉండదు. లాయరును పెట్టుకునే హక్కు ఉంది కానీ ప్రభుత్వం తన ఖర్చుతో పెట్టదు. ఒకే తప్పుకు రెండుసార్లు శిక్షా అని అడగడానికి వీల్లేదు. నేరం చేసిన తర్వాత వచ్చిన చట్టం కూడా పాత నేరాన్ని పట్టుకోవచ్చు. ఇల్లు, ఉద్యోగం, బడికెళ్లే పిల్లలు అన్నీ పోతున్నా చట్టం దృష్టిలో అది పాలనాపరమైన చర్య మాత్రమే. ఇందులో న్యాయం ఉందని నేను ఎప్పుడూ అనుకోలేకపోయాను.

మోసానికీ డిపోర్టేషన్‌కూ ముడి గట్టిగా పడింది 1951లో. ఇటలీ నుంచి 1921లో వచ్చిన డి జార్జ్ అనే వ్యక్తి సారా మీద పన్ను ఎగ్గొట్టే కుట్రలో రెండుసార్లు దోషిగా తేలాడు. ‘నైతిక పతనాన్ని చూపే నేరాలు’ చేసినవాళ్లను పంపేయవచ్చని చట్టంలో ఉంది. ఆ మాటకు హద్దూ పద్దూ లేదని అతని వాదన. ఎంత అస్పష్టంగా ఉన్నా మోసం మాత్రం ఎప్పుడూ దాని కిందికే వస్తుందని సుప్రీంకోర్టు మెజారిటీ చెప్పింది. ఆ మాటను ఎవరికి తోచినట్టు వాళ్లు అన్వయించుకోవచ్చని జస్టిస్ జాక్సన్ అసమ్మతి రాశారు. ఆ వాదన నిలవలేదు. అప్పటినుంచి ఒకరిని వంచించే ఉద్దేశం ఏ నేరంలో భాగమైనా, అది బ్యాంకు మోసమైనా చెల్లని చెక్కయినా దొంగ ఇన్సూరెన్స్ క్లెయిమ్ అయినా ఈ కోవలోకే వస్తోంది.

ఈ కోవలోని ఒక్క నేరంతోనే అందరినీ పంపేయరు. దేశంలోకి చట్టబద్ధంగా అడుగుపెట్టిన ఐదేళ్లలోపు నేరం చేసి ఉండాలి, దానికి ఏడాది గానీ అంతకు మించి గానీ శిక్ష వేయదగ్గదై ఉండాలి. నిజంగా ఎంత వేశారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఎంత వేయవచ్చన్నదే చూస్తారు. ఈ కారణంగా వాషింగ్టన్ 2011లో, కాలిఫోర్నియా 2015లో, న్యూయార్క్ 2019లో చిన్న నేరాల గరిష్ఠ శిక్షను 365 రోజుల నుంచి 364కు దించాయి. ఒక్క రోజు తగ్గడం జైలుకు వెళ్లేవాడికి పెద్ద విషయం కాకపోవచ్చు. ఎన్నో వలస కుటుంబాలను మాత్రం ఆ ఒక్క రోజే నిలబెట్టింది. ఇక వేర్వేరు సందర్భాల్లో ఇలాంటి నేరాలు రెండు చేస్తే ఐదేళ్ల గడువూ వర్తించదు. వచ్చి ముప్ఫై ఏళ్లయినా పంపేయవచ్చు.

అసలు ప్రమాదం దీనికి పైమెట్టులో ఉంది. దాని పేరు ‘అగ్రవేటెడ్ ఫెలనీ’. 1988లో ఈ వర్గాన్ని పుట్టించినప్పుడు అందులో హత్య, మాదకద్రవ్యాల రవాణా, ఆయుధాల అక్రమ రవాణా ఉన్నాయి. 1994లో మోసాన్ని కూడా చేర్చారు. అయితే బాధితుడికి జరిగిన నష్టం రెండు లక్షల డాలర్లు దాటితేనే అన్నారు. రెండేళ్లు తిరగకుండానే, అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన 1996 చట్టం ఆ రెండు లక్షలను పదివేలకు దించేసింది. ఆ తర్వాత ధరలు దాదాపు రెట్టింపైనా ఆ అంకె కదల్లేదు. మన లెక్కలో సుమారు తొమ్మిది లక్షల రూపాయలు. మనవాళ్లు చదివే చాలా యూనివర్సిటీల్లో ఒక సెమిస్టర్ ఫీజుకు అటూఇటూ.

గీత దాటితే ఏమవుతుందో వివరంగా చెప్పుకోవాలి. గ్రీన్‌కార్డు వచ్చి ఎన్నేళ్లయిందో చూడరు. ఐదేళ్లుగా గ్రీన్‌కార్డుతో, మొత్తం ఏడేళ్లుగా అక్కడే ఉంటున్నవాళ్లు మామూలుగా ‘నా బతుకంతా చూడండి, పిల్లల్ని చూడండి, ఈ ఒక్కసారికి మన్నించండి’ అని ఇమిగ్రేషన్ జడ్జిని అడగవచ్చు. అగ్రవేటెడ్ ఫెలనీ ఉన్నవాడికి ఆ తలుపు మూసుకుపోతుంది. జడ్జికి దయ చూపాలని ఉన్నా చూపే అధికారం ఉండదు. కేసు నడుస్తున్నంతకాలం బాండు లేకుండా నిర్బంధంలో ఉంచుతారు. తనంతట తాను వెళ్లిపోతానంటే ఆ మర్యాదా దక్కదు. పౌరసత్వం ఇక ఎప్పటికీ రాదు. ఒకసారి పంపేశాక ప్రత్యేక అనుమతి లేకుండా తిరిగి అడుగుపెట్టడం ఇరవై ఏళ్లదాకా జైలుశిక్ష పడగల నేరం. గ్రీన్‌కార్డు లేనివాడినైతే ఇమిగ్రేషన్ జడ్జి ముందుకు తీసుకెళ్లకుండా అధికారుల ఉత్తర్వుతోనే పంపేసే దారి కూడా చట్టంలో ఉంది. వీటన్నిటికీ జైలుశిక్ష పడి ఉండాల్సిన పనిలేదు. దొంగతనం ఈ వర్గంలోకి రావాలంటే కనీసం ఏడాది శిక్ష పడాలి. మోసానికి ఆ షరతు లేదు, డబ్బు లెక్కే ప్రమాణం. ఒక్కరోజు కూడా లోపల ఉండకుండా ప్రొబేషన్‌తో బయటపడినవాడు ఇమిగ్రేషన్ చట్టంలో హంతకుడితో ఒకే వర్గంలో చేరతాడు.

ఆ నష్టాన్ని ఎవరు, ఎలా లెక్కకడతారు? ఈ ప్రశ్న మీద వచ్చిన ముఖ్యమైన తీర్పు ఒక భారతీయుడిదే. మనోజ్ నిజ్హావన్ 1985లో భారతదేశం నుంచి వలస వెళ్లాడు. 2002లో అతని మీద బ్యాంకు మోసం, వైర్ మోసం (ఫోను, ఇంటర్నెట్ లాంటివి వాడి చేసే మోసం), మనీ లాండరింగ్ కుట్ర ఆరోపణలు పెట్టారు. జ్యూరీ దోషి అంది. నష్టం ఎంతో తేల్చమని జ్యూరీని ఎవరూ అడగలేదు, ఆ సెక్షన్లకు ఆ లెక్కతో పనిలేదు. శిక్ష ఖరారు చేసే దశలో మాత్రం నష్టం పది కోట్ల డాలర్లు దాటిందన్న లెక్కకు అతను అంగీకరించాడు. 41 నెలల జైలు, 68 కోట్ల 30 లక్షల డాలర్ల పరిహారం విధించారు. తనను దోషిగా తేల్చిన సెక్షన్లలో పదివేల మాటే లేదు కాబట్టి తనది అగ్రవేటెడ్ ఫెలనీ కాదని అతను వాదించాడు. 2009లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ వాదన తోసిపుచ్చింది. సెక్షనులో అంకె లేకపోయినా ఫర్వాలేదు, ఆ కేసు వాస్తవాలు చూసి ఇమిగ్రేషన్ జడ్జే నష్టం తేల్చుకోవచ్చని చెప్పింది. అంటే శిక్ష తగ్గించుకోవడానికో, త్వరగా ముగించుకోవడానికో క్రిమినల్ కోర్టులో ఒప్పుకున్న అంకె, పరిహారం కింద కట్టమన్న అంకె, రెండూ తర్వాత సాక్ష్యాలవుతాయి.

అదే తీర్పులో వలసదారుకు పనికొచ్చే మాట కూడా ఒకటుంది. నష్టం దోషిగా తేలిన అభియోగానికి ముడిపడి ఉండాలి. కొట్టేసిన అభియోగాల నష్టాన్ని తెచ్చి దీనికి కలపకూడదు. దాని విలువ తెలియాలంటే 2002లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చిన చాంగ్ కేసు చూడాలి. అతను చెల్లని చెక్కులతో బ్యాంకుకు కలిగించిన నష్టం మొత్తం కలిపితే ముప్ఫై వేల డాలర్ల పైమాటే. కానీ ప్రాసిక్యూటరుతో కుదిరిన ప్లీ ఒప్పందంలో (నేరం ఒప్పుకోలు పత్రంలో) అతను ఒప్పుకున్నది ఒకే ఒక్క అభియోగం, ఒకే ఒక్క చెక్కు. ఆ చెక్కు 605 డాలర్ల 30 సెంట్లది. ప్రభుత్వం ముప్ఫై వేల లెక్క చూపించి పంపేయాలని చూసింది. ఒప్పందంలో ఉన్నది 605 డాలర్లే కాబట్టి అది అగ్రవేటెడ్ ఫెలనీ కాదని కోర్టు చెప్పింది. మిగతా చెక్కులన్నీ కూడా అదే కాగితంలోకి ఎక్కి ఉంటే ఫలితం మరోలా ఉండేది. క్రిమినల్ లాయరు ఒప్పందం రాసేటప్పుడు ఒక్క వాక్యం మీద పెట్టే శ్రద్ధ ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించలేదు.

ఈ రక్షణ దొరకని చోటు కుట్ర అభియోగం. మోసం చేయబోవడం, కుట్రలో పాలుపంచుకోవడం కూడా అగ్రవేటెడ్ ఫెలనీలే. నష్టం నిజంగా జరగక్కర్లేదు, జరగబోయిన నష్టం పదివేలు దాటినా చాలునని ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2007లో తేల్చింది. ఇది ఇప్పుడు మన పిల్లలకు బాగా దగ్గరగా వచ్చిన విషయం. కొన్నేళ్లుగా వృద్ధులను ఫోన్లలో బెదిరించి డబ్బు గుంజే ముఠాల కేసుల్లో భారతీయ విద్యార్థులు పట్టుబడుతున్నారు. ఫోను చేసేది వాళ్లు కాదు. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ‘ఒక ప్యాకెట్ తెచ్చిపెట్టు, కొంత ఇస్తాం’ అని పని వస్తుంది. ఫలానా అడ్రసుకు వెళితే డెబ్భై, ఎనభై ఏళ్ల ముసలాయన బ్యాంకు నుంచి తీసిన డబ్బు, ఒక్కోసారి బంగారం, అట్టపెట్టెలో పెట్టి చేతికిస్తాడు. ఎఫ్‌బీఐ అధికారులమని ఫోనులో నమ్మించి ఉంటారు. ఆ పెట్టె అందుకున్న కుర్రాడికి ముట్టేది కొద్ది మొత్తం. కేసు మాత్రం వైర్ మోసం కుట్ర, మనీ లాండరింగ్ కుట్ర. కుట్ర అభియోగం ఒప్పుకున్నాక నష్టం తన వాటా మేరకు లెక్కపెట్టరు, కుట్ర మొత్తాన్ని చూస్తారు. ఆ పెద్దాయన జీవితాంతం దాచుకున్నదంతా పోయిందన్నది మరిచిపోదగ్గ సంగతి కాదు. పెట్టెలో ఏముందో అడగకుండా తీసుకున్నవాడికి బాధ్యత ఉంది. అయితే ఆ బాధ్యతకు అమెరికా క్రిమినల్ కోర్టు వేసే శిక్ష ఒకటుంది. దానిపైన వచ్చిపడే డిపోర్టేషన్, శాశ్వత నిషేధం సంగతి ఆ కుర్రాళ్లలో చాలామందికి పట్టుబడేదాకా తెలియదు.

ఎగవేత కాని పన్ను కేసులు ఇందులోకి రావని చాలాకాలం అనుకున్నారు. చట్టంలో పన్ను ఎగవేతకు విడిగా ఒక క్లాజు ఉంది, దానికీ పదివేల గీతే. రిటర్నులో తప్పుడు సమాచారం రాయడం దానికంటే చిన్న నేరం, ఆ క్లాజులో దాని పేరు లేదు. 1984 నుంచి గ్రీన్‌కార్డుతో ఉన్న జపాను దంపతులు కవాషిమాలు కాలిఫోర్నియాలో రెస్టారెంట్లు నడిపేవారు. తప్పుడు రిటర్ను ఇచ్చినట్టు భర్త, అందుకు సాయపడినట్టు భార్య ఒప్పుకున్నారు. ప్రభుత్వానికి నష్టం 2,45,126 డాలర్లు. 2012లో సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలి, తప్పని తెలిసి రిటర్నులో రాయడం కూడా ‘వంచన’ కిందికే వస్తుందని తీర్పు ఇచ్చింది. ఇలాగైతే వలసదారులు పన్ను కేసుల్లో నేరం ఒప్పుకోవడానికే జంకుతారని జస్టిస్ గిన్స్‌బర్గ్ అసమ్మతిలో రాశారు. కోవిడ్ కాలంలో చిన్న వ్యాపారాలకిచ్చిన పీపీపీ రుణాల్లో ఉద్యోగుల సంఖ్య పెంచి చూపినవాళ్లకూ ఇదే కథ. ఆ రుణాల్లో చాలావాటి మొత్తం పదివేలు దాటేదే.

‘దోషి’ అంటే ఎవరు అన్నదానిలో ఇంకో మెలిక ఉంది. 1996 చట్టం దానికి తన సొంత నిర్వచనం రాసుకుంది. నేరం ఒప్పుకుని, లేదా తగినన్ని వాస్తవాలు ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక ఆంక్ష విధిస్తే చాలు. రాష్ట్ర కోర్టు దాన్ని దోష నిర్ధారణ అనకపోయినా, ఏడాది మంచిగా ఉంటే కేసు కొట్టేస్తామని చెప్పి నిజంగానే కొట్టేసినా, ఇమిగ్రేషన్ లెక్కలో అది దోష నిర్ధారణే. సస్పెండ్ చేసిన శిక్ష కూడా పూర్తి శిక్షే. రికార్డు చెరిపేసుకున్నా చెరగదు. నేరం ఒప్పుకోకుండా, విచారణకు బదులు పెట్టే డైవర్షన్ కార్యక్రమంలో చేరితే మాత్రం ఈ ఉచ్చులో పడరు. పైకి చూస్తే రెండు డైవర్షన్లూ ఒకేలా ఉంటాయి, ఒప్పుకోలు రాసిచ్చారా లేదా అన్నదే తేడా.

కేసు పెట్టినంత మాత్రాన పంపేయగలరా? గ్రీన్‌కార్డు ఉన్నవాడిని కేవలం ఆరోపణ మీద మోసం కారణం చూపి పంపడం కుదరదు, దోషిగా తేలాలి. తాత్కాలిక వీసా వాళ్లకు అంత కవచం లేదు. అరెస్టయ్యాడని తెలిస్తే కాన్సులేట్ వీసా రద్దు చేయవచ్చు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (విద్యార్థి స్టేటస్‌ను నమోదు చేసే ప్రభుత్వ రికార్డులు) ఉన్నట్టుండి రద్దయ్యాయి. జాతీయ నేర సమాచార డేటాబేస్‌లో పేరు తగలడమే చాలామంది విషయంలో కారణం. ఎప్పుడో కొట్టేసిన కేసులు, ట్రాఫిక్ ఉల్లంఘనలు కూడా అందులో ఉన్నాయి. ఎక్కడికక్కడ కోర్టుకెక్కారు, జడ్జీలు వరసగా స్టేలు ఇచ్చారు, నెలాఖరుకు ప్రభుత్వం రికార్డులు పునరుద్ధరించింది. ఆ మూడు నాలుగు వారాల్లో భయపడి టికెట్ కొనుక్కుని వెళ్లిపోయినవాళ్లకు ఆ స్టేలతో లాభం లేకపోయింది. అదే ఏడాది జనవరి 29న సంతకమైన లేకెన్ రైలీ చట్టం దొంగతనం, షాప్‌లిఫ్టింగ్ లాంటి నేరాలకు అరెస్టయినా నిర్బంధం తప్పనిసరి చేసింది. సక్రమంగా వీసాతో వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఇది నేరుగా వర్తించదు. కాగితాలు లేకుండా వచ్చినవాళ్లకూ, వీసా కోసం అబద్ధం ఆడారని ముద్రపడినవాళ్లకూ వర్తిస్తుంది.

ఆ ముద్ర గురించి విడిగా చెప్పుకోవాలి, దానికి క్రిమినల్ కేసే అక్కర్లేదు. పంకజ్‌కుమార్ పటేల్ 1992లో భార్యతో కలిసి అనుమతి లేకుండా అమెరికా చేరాడు. 2008లో జార్జియాలో డ్రైవింగ్ లైసెన్సు పునరుద్ధరణకు దరఖాస్తు నింపుతూ, అమెరికా పౌరుడినన్న గడిలో టిక్ పెట్టాడు. పొరపాటున పెట్టానన్నాడు. గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉంది, పని అనుమతి ఉంది, పౌరుడు కాకపోయినా లైసెన్సుకు అర్హత ఉందని అతని వాదన. అబద్ధం చెప్పాడని జార్జియా క్రిమినల్ కేసు పెట్టింది, సాక్ష్యం చాలక ఉపసంహరించుకుంది. క్రిమినల్ చట్టం వరకు అక్కడితో కథ ముగిసింది. ఇమిగ్రేషన్ జడ్జి మాత్రం అతను కావాలనే పెట్టాడని నమ్మాడు. పౌరుడినని అబద్ధం చెప్పినవాడికి గ్రీన్‌కార్డు రాదు, 1996 చట్టం ప్రకారం దానికి మినహాయింపూ లేదు. జడ్జి వాస్తవాలను తప్పుగా చదివాడని పటేల్ పైకోర్టుకు వెళ్లాడు. 2022లో సుప్రీంకోర్టు ఐదుగురు నలుగురుగా చీలింది. ఇలాంటి దరఖాస్తుల్లో ఇమిగ్రేషన్ జడ్జి తేల్చిన వాస్తవాన్ని ఫెడరల్ కోర్టులు తిరిగి చూడలేవని మెజారిటీ చెప్పింది. తీర్పు తప్పా ఒప్పా అన్న విచారణ దాకా విషయం రానేలేదు. ఒక గడిలో టిక్, రుజువు కాని కేసు, సరిచూసే అధికారం లేదన్న కోర్టు. ఆ కుటుంబం అప్పటికే ముప్ఫై ఏళ్లుగా అక్కడ ఉంది.

క్లెమెంటే పెరెయిడా సంగతీ ఇలాంటిదే. మెక్సికో నుంచి వచ్చి నెబ్రాస్కాలో పాతికేళ్లుగా ఉంటున్నాడు, భార్యాపిల్లలున్నారు. నకిలీ సోషల్ సెక్యూరిటీ కార్డుతో క్లీనింగ్ కంపెనీలో ఉద్యోగం సంపాదించుకోబోయాడని కేసు. శిక్ష వంద డాలర్ల జరిమానా. ఆ రాష్ట్ర చట్టంలో ఆ సెక్షనుకు చాలా ఉపభాగాలున్నాయి. కొన్నింటిలో వంచన ఉంది, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయడమన్న ఒకదానిలో లేదు. ఏ ఉపభాగం కింద దోషి అయ్యాడో రికార్డులో స్పష్టంగా లేదు. ఆ అస్పష్టత ఎవరికి లాభించాలి? డిపోర్టేషన్ నుంచి ఉపశమనం కోరేవాడే తాను వంచన నేరం చేయలేదని చూపాలని 2021లో సుప్రీంకోర్టు ఐదుగురు ముగ్గురుగా తీర్పు ఇచ్చింది. ఎక్కడో జిల్లా కోర్టు గుమాస్తా రాయకుండా వదిలేసిన ఒక్క అంకె అతని పాలిట శాపమైంది.

తెలుగువాళ్లకు ఈ చట్టం రుచి మొదట తెలిసింది కోర్టు తీర్పుల వల్ల కాదు, కాలేజీల వల్ల. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద ఇమిగ్రేషన్ అధికారుల దాడి జరిగినప్పుడు అక్కడి దాదాపు పదిహేను వందల మంది విద్యార్థుల్లో ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. అప్పటి విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ దాని మీద నిరసన తెలిపారు. స్కూలు నడిపిన సుసాన్ సు 2014లో వీసా మోసం తదితర నేరాల్లో దోషిగా తేలి 198 నెలల శిక్ష పొందింది. ఆమె నేరం కోర్టులో రుజువైంది. విద్యార్థుల్లో ఎవరు మోసపోయారు, ఎవరు తెలిసే చేరారు అన్నది ఒక్కొక్కరి విషయంలో విడిగా తేల్చే ఓపిక ఎవరికీ లేకపోయింది.

2019 జనవరి చివర్లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. ఆ యూనివర్సిటీని నడిపింది ఇమిగ్రేషన్ శాఖ రహస్య అధికారులే. పాఠాలు లేవు, అధ్యాపకులు లేరు, ఫీజు మాత్రం ఏడాదికి సగటున పన్నెండు వేల డాలర్లు. విద్యార్థులను చేర్పించినందుకు పట్టుబడ్డ ఎనిమిది మందీ తెలుగు మూలాలవాళ్లే. వాళ్ల మీద వీసా మోసం కుట్ర కేసులు నడిచాయి, ఏడాది, రెండేళ్ల మధ్య శిక్షలు పడ్డాయి. మొదటి వారాల్లో నిర్బంధించిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులని మన విదేశాంగ శాఖ చెప్పింది. ఆ విద్యార్థుల మీద క్రిమినల్ కేసులు పెట్టలేదు. స్టేటస్ పోయిందంటూ ఇమిగ్రేషన్ కోర్టుకు పంపారు. చాలామంది తమంతట తామే వెళ్లిపోయారు. వెళ్లిపోవడంతో అంతా అయిపోలేదు. వీసా ప్రయోజనం కోసం తెలిసి అబద్ధం ఆడారని ఫైలులో పడితే అది జీవితాంతం ఉండే నిషేధం. భార్యో భర్తో తల్లో తండ్రో అమెరికా పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయితే తప్ప గ్రీన్‌కార్డుకు మినహాయింపు అడిగే అవకాశం కూడా ఉండదు. ఆ ఫీజు సంగతిపై వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని మళ్లీ బతికించింది. చదువు చెబుతామని డబ్బు తీసుకున్నది ప్రభుత్వమే కదా అన్నది ఆ దావాలోని ప్రశ్న.

రెజ్యూమేలో లేని అనుభవం చేర్చడం, ఒకరి బదులు మరొకరు ఇంటర్వ్యూకు కూర్చోవడం, ఎక్కడా లేని క్లయింటు పేరుతో లేఖ పుట్టించి హెచ్-1బి దరఖాస్తుకు జతచేయడం, ఇవన్నీ మన కన్సల్టెన్సీల్లో మామూలు మాటలైపోయాయి. కంపెనీ యజమాని మీద వీసా మోసం కేసు పెట్టినప్పుడు ఆ దరఖాస్తుల కింద వచ్చినవాళ్ల ఫైళ్లన్నీ తెరుస్తారు. ‘వాళ్లు పెట్టమన్న చోట సంతకం పెట్టాను’ అన్న జవాబు విని అధికారులు ఆగిపోరు.

స్వదేశం వచ్చిపోవడంలోనూ ప్రమాదం ఉందని చాలామందికి తెలియదు. అమెరికాలో ఉన్నంతకాలం, ఐదేళ్లు దాటాక చేసిన ఒక్క మోసం నేరం, నష్టం గీత లోపలే ఉంటే గ్రీన్‌కార్డుదారుణ్ని కదపకపోవచ్చు. అతనే చెల్లెలి పెళ్లికి విజయవాడ వచ్చి తిరిగి విమానం దిగితే, అప్పుడే కొత్తగా ప్రవేశం అడుగుతున్నవాడిగా లెక్కించి అదే నేరం చూపి ఆపవచ్చు. లోపలున్నవాణ్ని పంపేయడానికో రూలు, బయటినుంచి వచ్చేవాణ్ని ఆపడానికో రూలు. చాలా చిన్న నేరాలకు ఒక మినహాయింపు ఉంది. గరిష్ఠ శిక్ష ఏడాదికి మించకుండా, వేసిన శిక్ష ఆరు నెలలకు మించకుండా, అది ఒకే ఒక్క నేరమై ఉండాలి. గ్రీసు నుంచి వచ్చి స్థిరపడిన పనాగిస్ వార్టెలాస్ నకిలీ ట్రావెలర్స్ చెక్కుల కుట్రలో 1994లో నేరం ఒప్పుకుని నాలుగు నెలల శిక్ష పొందాడు. 2003లో వారం రోజులకు తల్లిదండ్రులను చూడటానికి వెళ్లి వస్తుంటే న్యూయార్క్ విమానాశ్రయంలో పట్టుకున్నారు. అతను ఒప్పుకున్ననాటికి ఈ ప్రయాణాల రూలే లేదు, అది 1996లో వచ్చింది. దాన్ని వెనక్కి వర్తింపజేయకూడదని 2012లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు ఇచ్చింది. 1996 తర్వాత నేరం ఒప్పుకున్నవాళ్లకు ఆ తీర్పు నీడ లేదు. పాత కేసు ఉన్నవాళ్లు పౌరసత్వ దరఖాస్తు పెట్టడమూ ఇలాంటిదే. వేలిముద్రలు ఇవ్వగానే పదిహేనేళ్ల కిందటి ఫైలు బయటికొస్తుంది, పౌరసత్వం రావాల్సిన చోట డిపోర్టేషన్ నోటీసు వస్తుంది.

పౌరసత్వం వచ్చినా పూర్తిగా గట్టెక్కినట్టేనా? దాదాపుగా అవును, ఒక మెలికతో. పౌరుడయ్యాక చేసిన మోసానికి జైలుంటుంది కానీ డిపోర్టేషన్ ఉండదు. మోసం పౌరసత్వానికి ముందే జరిగి, దరఖాస్తులో దాచిపెట్టి, తర్వాత బయటపడితే పౌరసత్వాన్నే రద్దు చేయమని ప్రభుత్వం కోర్టుకు వెళ్లవచ్చు. చెప్పిన అబద్ధానికి పౌరసత్వం రావడంలో పాత్ర ఉండాలని 2017లో మాస్లెన్‌జాక్ కేసులో సుప్రీంకోర్టు హద్దు గీసింది. 2025 జూన్‌లో న్యాయశాఖ సివిల్ విభాగం పౌరసత్వ రద్దు కేసులకు ప్రాధాన్యమివ్వాలని ఉత్తర్వు ఇస్తూ, పీపీపీ రుణాలు, ప్రభుత్వ ఆరోగ్య పథకాలైన మెడికేర్, మెడికెయిడ్ మోసాలను పేరుపెట్టి చేర్చింది. నేరం జరిగిన తేదీ ముందా, పౌరసత్వం వచ్చిన తేదీ ముందా అన్నది అందుకే ఇప్పుడు అంత ముఖ్యమైంది.

ఇంత పెద్ద చిక్కుముడిలో వలసదారుకు దొరికిన గట్టి ఆసరా 2010 నాటి పడిల్లా తీర్పు. హోండురస్‌లో పుట్టి, నలభై ఏళ్లకు పైగా అమెరికాలో ఉండి, వియత్నాం యుద్ధంలో పనిచేసిన హోసే పడిల్లాకు లాయరు ‘ఇన్నేళ్లుగా ఉన్నావు కదా, డిపోర్టేషన్ గురించి దిగులు పడకు’ అన్న అర్థంలో సలహా ఇచ్చాడు. అతను మాదకద్రవ్యాల కేసు ఒప్పుకున్నాడు, డిపోర్టేషన్ మెడకు చుట్టుకుంది. క్రిమినల్ లాయరు ఆ ప్రమాదం గురించి చెప్పి తీరాలని, చెప్పకపోతే రాజ్యాంగం హామీ ఇచ్చిన న్యాయసహాయం అందనట్టేనని సుప్రీంకోర్టు తేల్చింది. డిపోర్టేషన్ శిక్ష కాదన్న 1893 నాటి మాటను తిరగరాయలేదు కానీ, అది క్రిమినల్ కేసుతో విడదీయలేనంత పెనవేసుకుపోయిందని ఒప్పుకుంది. 2017లో కొరియా వలసదారు జే లీ కేసులో ఇంకో అడుగు వేసింది. అతనికి వ్యతిరేకంగా సాక్ష్యాలు బలంగా ఉన్నాయి, విచారణకు వెళ్లినా ఓడిపోయేవాడే. అయినా డిపోర్టేషన్ ఖాయమని తెలిసి ఉంటే ఆ చిన్న అవకాశాన్నే పట్టుకునేవాడని నమ్మి, అతని ఒప్పుకోలు చెల్లకుండా తీర్పు ఇచ్చింది. ఆ మాట రాసిన న్యాయమూర్తులకు వలసదారు మనసు తెలుసనిపించింది నాకు.

పడిల్లా తీర్పు ఉంది కదా అని తర్వాత సరిదిద్దుకోవచ్చనుకోవడం ప్రమాదం. పాత కేసును తిరగదోడాలంటే లాయరు తప్పో, కోర్టు ప్రక్రియలో లోపమో రుజువు చేయాలి. ఇమిగ్రేషన్ కష్టం తప్పించాలన్న జాలితో జడ్జి కేసు కొట్టేస్తే ఇమిగ్రేషన్ బోర్డు దాన్ని లెక్కలోకి తీసుకోదు. శిక్ష పూర్తయిన తర్వాత కూడా, ఒప్పుకున్నప్పుడు పర్యవసానం తెలియలేదని చూపి కేసు తెరిపించుకునే దారి కాలిఫోర్నియాలో 2017 నుంచి చట్టంగా ఉంది. అన్ని రాష్ట్రాల్లో అంత వెసులుబాటు లేదు.

కాబట్టి జాగ్రత్తంతా ప్లీ ముందే. మంచి లాయర్లు ఆ దశలో చేసేది ప్రాసిక్యూటరుతో మాటల మీద బేరం. వంచన ఉద్దేశం అవసరం లేని సెక్షను దొరుకుతుందా, నష్టం పదివేలకు లోపలుండే ఒకే అభియోగానికి ఒప్పిస్తారా, పరిహారం మొత్తం కట్టినా అందులో ఎంత ఏ అభియోగానిదో కాగితం మీద విడిగా రాస్తారా, 365కు బదులు 364 రోజులు పెడతారా అని అడుగుతారు. ప్రాసిక్యూటరుకు కావాల్సింది దోష నిర్ధారణ, బాధితుడికి కావాల్సింది డబ్బు. చాలా కేసుల్లో అవి రెండూ ఇచ్చి కూడా ఈ మాటలు రాయించుకోవచ్చు. క్రిమినల్ లాయర్లందరికీ ఈ లెక్కలు తెలియవు, అడగనిదే చెప్పేవాళ్లూ తక్కువ. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో ఫీజు డబ్బు పంపే తల్లిదండ్రులు ఆ డబ్బులోంచే ఇమిగ్రేషన్ లాయరుకు కూడా కొంత తీసిపెట్టాలి. అభియోగ పత్రం, ప్లీ ఒప్పందం ముసాయిదా, పరిహారం లెక్క, ఈ మూడింటినీ పిల్లాడు సంతకం పెట్టకముందే ఆయన చదవాలి.